రెండో బ్రేకు

పాత కారు పోయింది, కొత్తది ఇంకా రాలేదు. పోయిన వారం ఈ ఇంటి ముగ్గురినీ సరిగ్గా అలాంటి ఘడియలోనే, ఒక కార్ల షోరూం అద్దాల తలుపు ముందు వదిలేశాం. ఊళ్ళో సగం మందికి డ్రైవింగ్ నేర్పిన ఆ పాత కారును, ఎడమ సీటు ముందున్న రెండో బ్రేకుతో, రెండో క్లచ్‌తో సహా, పాత ఇనుము కొనేవాడు తాడు కట్టి లాక్కుపోయాడు. మాస్టారు అది మలుపు తిరిగేదాకా గేటు పట్టుకుని చూశారు. లోపలికి వచ్చి, "కొత్తది ఎప్పుడు చూద్దాం?" అన్నారు. ఒక్క నిట్టూర్పు కూడా లేదు. కోడలికి మాత్రం ఆ రోజు నుంచి కంటి మీద కునుకు లేదు. ఎందుకో భర్త అడిగాడు, చెప్పలేదు. మనకూ చెప్పలేదు. ఇక దాచి లాభం లేదు కాబట్టి ఈ వారం చెప్పేస్తుంది.

ఈ కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవారి కోసం రెండు ముక్కలు. మాస్టారంటే బడిలో మాస్టారు కాదు, డ్రైవింగ్ మాస్టారు. ఒళ్ళు సహకరించడం లేదని స్కూలు మూసేసినా ఆ పిలుపు మాత్రం పోలేదు. ఆయన కొడుకు సర్వేయరు. స్థలాలు కొలవడం ఉద్యోగం. ఇంట్లో ఉన్నప్పుడు ఊరుకోలేక తలుపులూ బల్లలూ కొలుస్తుంటాడు. అంతటి మాస్టారి కొడుక్కి కారు నడపడం రాదు. కుర్రతనంలో ఒకే ఒక్క రోజు తండ్రి పక్కన పాఠానికి కూర్చున్నాడు. నడిరోడ్డు మీద ఆయన వేసిన ఒక్క కేకకు కారు దిగి ఇంటికి నడిచి వచ్చేశాడు. ఆ తర్వాత ఇద్దరూ ఆ ఊసెత్తలేదు. తండ్రికి నేర్పాలని ఉంది, కొడుక్కి నేర్చుకోవాలని ఉంది, అడగడానికి ఇద్దరికీ నామోషీ. ఇలాంటి మొండిఘటాలు రెండు ఒకే కప్పు కింద ఉంటే మధ్యలో నలిగిపోయేది కోడలే. ఆమె ఇంటి వెనక గదిలో కేకులు చేసి అమ్ముతుంది. పెళ్ళికి మూడంతస్తుల కేకు కావాలంటే ఊళ్ళో ఎవరైనా ఆమె దగ్గరికే వస్తారు.

కారు కొనేటప్పుడు చాలామంది రంగు దగ్గర మొదలుపెడతారు. వీళ్ళు కేకు పెట్టె దగ్గర మొదలుపెట్టారు. మూడంతస్తుల కేకు పట్టే అట్టపెట్టెను, ఖాళీదే లెండి, రెండు చేతులా ఎత్తుకుని కోడలు షోరూంలోకి నడిచింది. వెనకే టేపు జేబులో వేసుకుని సర్వేయరు. ఆ వెనక మాస్టారు, ఇస్త్రీ చొక్కాలో, పరీక్ష పెట్టడానికి వచ్చిన మనిషిలా.

సేల్స్ అమ్మాయి మాస్టారిని చూడగానే పరుగెత్తుకు వచ్చింది. "రండి మాస్టారూ! నన్ను గుర్తుపట్టారా? రివర్స్ చేస్తూ మీ గేటు స్తంభం పడగొట్టింది నేనే."

"స్తంభం పడగొట్టినవాళ్ళు చాలామంది ఉన్నారమ్మా. నీది ఎన్నోది?"

ఆ అమ్మాయి పకపకా నవ్వింది. మాస్టారు కూడా నవ్వారు. షోరూంలో ఉన్నంతసేపు ఆయన వయసు సగానికి తగ్గినట్టే ఉంది.

సర్వేయరు చూపు తలుపు పక్కనే ఉన్న ఎత్తు కారు మీద పడింది. నల్లగా నిగనిగలాడుతోంది, చక్రాలు చూస్తే కొండనైనా ఎక్కేటట్టున్నాయి. అతను దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, నేల నుంచి ఎత్తు కొలిచి, "చూశావా, ఎంత ఠీవిగా ఉందో" అన్నాడు భార్యతో.

కోడలు వెనక తలుపు తెరిపించి పెట్టె లోపల పెట్టబోయింది. కారు కప్పు వెనకకు వచ్చేసరికి కిందికి వంపు తిరిగింది. పెట్టె పైభాగం దానికి కొట్టుకుంది.

"పై అంతస్తు లేకుండా కేకు చేయలేవా?" అన్నాడు సర్వేయరు, ఆశ చావక.

"తల లేకుండా మీరు కొలతలు తీయగలరా?" అంది కోడలు.

ఎత్తు కారు కథ అక్కడితో ముగిసింది. హాలు చివర, కిటికీ పక్కన, ఎవరూ పట్టించుకోని తెల్ల కారు ఒకటుంది. ముక్కూ మొహం లేకుండా చతురస్రంగా, అచ్చం డబ్బాలా ఉంది. కోడలు పెట్టెను దాని వెనక తలుపు దగ్గరకు తీసుకెళ్ళింది. గడప ఎత్తు తక్కువ కావడంతో పెట్టెను పైకి ఎత్తాల్సిన పని రాలేదు, తోస్తే చాలు జారిపోయింది. లోపల నేల బల్లపరుపుగా ఉంది. పెట్టె మీద చెయ్యి పట్టేంత ఖాళీ మిగిలింది. ఏసీ గాలి వెనక వరకూ వస్తుందని సేల్స్ అమ్మాయి చూపించింది. వేసవిలో వెన్న క్రీము కరిగి, దాంతోపాటు పరువంతా కారిపోయిన సందర్భాలు కోడలికి చాలా ఉన్నాయి. ఆమె ఆ గాలికి అరచేయి అడ్డం పెట్టి అలాగే కాసేపు నిలబడింది.

"డబ్బాలా ఉంది" అన్నాడు సర్వేయరు.

"ఉండనివ్వండి. కేకులు పట్టేది డబ్బాలోనే."

అతను తల గోక్కుని, టేపు తీసి, కొలిచి, ఒప్పుకున్నాడు. కొలతలు కుదిరాక వాదించడం అతని ఒంట్లో లేదు. అదొక్కటీ ఆ మనిషిలో పెద్ద సుగుణం.

మాస్టారు మాత్రం రంగూ అడగలేదు, మైలేజీ అడగలేదు. ఒక్కటే అడిగారు. "దీనికి రెండో పెడళ్ళు బిగించొచ్చా?"

"బిగించొచ్చు మాస్టారూ. గేర్ల మోడల్‌కి కుదురుతుంది" అంది సేల్స్ అమ్మాయి. "అయినా కేకులకైతే ఆటోమేటిక్ మంచిది. కుదుపు ఉండదు."

"గేర్లదే చూపించు."

సర్వేయరుకు చిర్రెత్తుకొచ్చింది. "స్కూలు మూసేశారు కదా నాన్నా. ఇంకా పెడళ్ళెందుకు? ఇంట్లో ఎవరికి నేర్పుతారు?"

ఆ మాట నోటినుంచి జారాక అతనే నాలుక కరుచుకున్నాడు. మాస్టారు వినిపించుకోనట్టు కారు అద్దం సర్దుకుంటున్నారు. కోడలు మాత్రం మామగారి మొహం వైపు చూసింది. పెడళ్ళ మాట ఆయన ఇంట్లో ఎత్తడం ఆమెకు తెలుసు. అలవాటు మీద ప్రేమ అనుకుంది. ఇప్పుడు మొదటిసారి ఆమెకు ఇంకో అనుమానం వచ్చింది.

ఇక ఆమెకు కునుకు లేకపోయిన సంగతికి వద్దాం.

కేకులు చేరవేయడానికి ఆమెను ఎప్పుడూ మామగారే తీసుకెళ్ళేవారు. కేకు వెనక, ఆమె ముందు ఎడమ సీట్లో. ఆ సీటు ముందే రెండో బ్రేకు ఉంటుంది. స్కూలు మూసేసిన కొద్దిరోజులకు, సంత పక్క సందులో, ఎడమవైపు నుంచి ఒకావిడ పసిపిల్ల బండి తోసుకుంటూ రోడ్డు మీదికి వచ్చింది. మామగారు వేగం తగ్గించలేదు. కోడలి కాలు దానంతట అదే బ్రేకు మీద పడింది. కారు ఆగింది. ఆవిడ దాటిపోయింది. మామగారు ఏమీ అనలేదు. ఇద్దరం ఒకేసారి తొక్కి ఉంటాం అనుకుని కోడలు సమాధానపడింది. మరో వారం ఒక కుక్క. ఆ తర్వాత ఒక ముసలాయన. అన్నీ ఎడమ నుంచే. ఇక అప్పటి నుంచి ఆమె ఉత్తచేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, నవ్వుతూ కబుర్లు చెబుతూ, కాలు మాత్రం బ్రేకు మీదే ఉంచేది. అవసరం వచ్చినప్పుడు మెత్తగా నొక్కేది. ఆయనకు తెలియకుండా ఆయన పరువు కాపాడుతున్నాననుకుంది. భర్తకు చెప్పలేదు. చెబితే తండ్రీకొడుకుల మధ్య ఏమవుతుందో ఊహించడానికి కూడా ఆమెకు ధైర్యం చాలలేదు.

ఇప్పుడు ఆ బ్రేకు పాత ఇనుము దుకాణంలో ఉంది.

"తోలి చూస్తారా మాస్టారూ?" అని సేల్స్ అమ్మాయి బయట ఆపి ఉన్న అలాంటిదే గేర్ల కారు తాళాలు చాపింది.

కోడలు చెయ్యి ముందుకు జాపింది. "నేను తోలుతాను మామయ్యా. కేకులు మోసేది నేనే కదా, నాకు అలవాటు కావాలి."

"తర్వాత నువ్వు తోలు. ముందు నేను చూడాలి" అన్నారాయన. ఆ ఇంట్లో ఏ బండినైనా ముందు తోలేది ఆయనే. అది అడిగి తెచ్చుకున్న హక్కు కాదు, అందరూ ఇచ్చేసిన హక్కు. కోడలు కాదనలేక ఎడమ సీట్లో కూర్చుంది. వెనక సీట్లో సేల్స్ అమ్మాయి, ఆమె పక్కన, వెనక అరలోకి మార్చిన కేకు పెట్టె మీద ఒక చెయ్యేసి సర్వేయరు.

మొదట అంతా హాయిగానే సాగింది. మాస్టారి చేతిలో ఏ కారైనా మాట వింటుంది. గేరు మార్చిన సంగతి పక్కనున్నవారికి తెలియదు. పెద్దరోడ్డు దాటి, బేకరీ సరుకులు అమ్మే వీధి దాటి, మందుల దుకాణం దగ్గర మలుపు తిరిగారు. కోడలి కళ్ళు ఎడమవైపే కాపలా కాస్తున్నాయి. ఆగి ఉన్న వ్యాను వెనక నుంచి ఒక సైకిల్ బయటికి వచ్చింది. నడిపేది బడికి వెళ్ళే పిల్ల, వీపున సంచి. కారు వేగం తగ్గలేదు.

కోడలు కాలితో బలంగా తొక్కింది. కాలి కింద ఉత్త నేల.

"మామయ్యా, సైకిల్!"

కారు కీచుమని ఆగింది. వెనక ఖాళీ పెట్టె ఎగిరి సీటుకు కొట్టుకుంది. సైకిల్ పిల్ల ఒకసారి తిరిగి చూసి, గంట మోగించి వెళ్ళిపోయింది. ఆ పిల్లకూ కారు ముందు భాగానికీ మధ్య దూరం ఎంతో కోడలు చూసింది. మళ్ళీ తలుచుకోవాలనుకోలేదు.

"అబ్బ, ఏం బ్రేకులు!" అన్నాడు సర్వేయరు వెనక నుంచి మెచ్చుకోలుగా. "చూశావా, టక్కున పట్టేసింది."

"మాస్టారు చెప్పకుండా బ్రేకు టెస్టు చేస్తారు. మాకూ ఇలాగే చేసేవారు" అని సేల్స్ అమ్మాయి నవ్వింది.

మాస్టారు కూడా నవ్వారు. స్టీరింగును ఆయన ఎంత గట్టిగా పట్టుకున్నారో ముందు సీట్లో ఉన్న కోడలికే కనిపించింది.

షోరూం పక్క ఖాళీ స్థలంలో కారు ఆపారు. సర్వేయరు దిగి, సేల్స్ అమ్మాయితో కలిసి, రంగుల గురించీ కాగితాల గురించీ మాట్లాడుకుంటూ లోపలికి వెళ్ళిపోయాడు. ముందు సీట్లలో ఇద్దరూ కదల్లేదు. ఇంజను ఆపేసి ఉంది. ఎండకి లోపల వేడెక్కుతోంది.

"నేల మీద తొక్కావు" అన్నారు మాస్టారు, ఎదురుగా గోడ వైపు చూస్తూ.

కోడలు కాలు వెనక్కి లాక్కుంది.

"పాత కారులో కూడా నువ్వే తొక్కేదానివి."

"మీకు... తెలుసా?"

"నేర్చుకునేటప్పుడు నేను నా వైపు బ్రేకు నొక్కితే నీ కాలి కింద పెడల్ జారిపోయేది. మర్చిపోయావా? ఒకటి కిందికి పోతే రెండోదీ పోతుంది. రెంటినీ కలిపే కడ్డీ ఉంటుంది, నేనే చూపించాను నీకు." ఆయన గొంతులో కోపం లేదు, పాఠం చెప్పే అలవాటు ఉంది. "మొదటి రోజు నుంచీ తెలుసమ్మాయ్. పసిపిల్ల బండి రోజు నుంచీ."

ఆ కడ్డీ ఆమె మర్చిపోలేదు. కానీ మెత్తగా నొక్కితే తెలియదులే అని తనకు తానే చెప్పుకుంది. ఎవరికీ తెలియకూడదని గట్టిగా కోరుకున్నప్పుడు తెలియదనే నమ్మేస్తాం. ఆమె చేసింది అదే.

"మరి ఎందుకు చెప్పలేదు మామయ్యా?"

"నువ్వెందుకు చెప్పలేదు?"

దీనికి జవాబు ఇద్దరికీ ఒకటే. ఇద్దరూ దాన్ని పైకి అనలేదు.

"ఎడమవైపు కాస్త మసగ్గా ఉంటుంది" అన్నారు మాస్టారు. "అంతే. కాస్త మసక. కుడివైపు శుభ్రంగా ఉంది, ఎదురుగా శుభ్రంగా ఉంది. అందుకే రెండో పెడళ్ళు కావాలంటున్నాను. నేను తోలతాను, నువ్వు ఎడమ చూసుకో. ఇన్నాళ్ళూ నడవలేదా? ఒక్క గీత పడిందా కారుకి?"

"ఇవాళ ఆ పిల్లకి పడేది."

అలా అనేసినందుకు ఆమెకే బాధ కలిగింది. మామగారు కళ్ళు మూసుకున్నారు. ఈయనే కదా తనకు స్టీరింగు పట్టుకోవడం నేర్పింది, పెళ్ళైన కొత్తలో ఎవరితోనూ మాట్లాడని రోజుల్లో రోజూ ఊరంతా తిప్పి తీసుకొచ్చింది అని తలుచుకుంటే ఆమెకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన్ని ఆమె కన్నతండ్రికన్నా ఎక్కువగా ప్రేమిస్తుంది. ఆ ప్రేమే ఇన్నాళ్ళూ ఆమె నోరు నొక్కింది.

"నీ మీద నాకేం కోపం లేదమ్మా" అన్నారాయన. "కానీ ఒక మాట చెబుతాను, వింటావా? నువ్వు తొక్కబట్టే నేను తోలాను. నువ్వు ఒక్క రోజు కాలు తీసేసి ఉంటే నేను ఆ రోజే దిగిపోయేవాణ్ణి. ప్రతిసారీ కాలి కింద పెడల్ జారినప్పుడు, 'ఇంకా పర్లేదు, పిల్ల ఉందిగా' అనుకున్నాను."

కోడలు చేతులతో మొహం కప్పుకుంది. ఆయన్ని కాపాడుతున్నాననుకుంది. ఆయన్ని రోడ్డు మీద నిలబెట్టింది తనేనన్నమాట. కాపాడటం ఎక్కడ ఆగిపోయిందో, ఇది ఎక్కడ మొదలైందో ఆమెకు అంతుబట్టలేదు. ఏ సందులో, ఏ కుక్క దగ్గర నోరు తెరవాల్సిందో ఇప్పుడు వెనక్కి వెళ్ళి వెతికినా దొరకదు.

"ఈ కారుకి పెడళ్ళు వద్దు మామయ్యా" అంది చివరికి, కళ్ళు తుడుచుకుని. "ఆటోమేటిక్ తీసుకుందాం. నేను తోలతాను. మీరు నా పక్కన కూర్చోండి. తిట్టండి, ఎంతైనా తిట్టండి. కానీ స్టీరింగు వద్దు."

"స్టీరింగు వదిలేస్తే నేనెవర్నమ్మా?"

చాలా మామూలుగా అడిగారు, టైమెంతైంది అన్నట్టు. కోడలు ఆయన చెయ్యి పట్టుకుంది. అలాగే పట్టుకుని కూర్చుంది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

"మీ అబ్బాయికి ఇవాళే చెప్పాలి" అంది మెల్లగా. "ఆయనకు తెలియకుండా ఈ కారు కొనడం నా వల్ల కాదు. డాక్టరు దగ్గరికీ వెళ్ళాలి."

మాస్టారు అద్దంలో వెనక రోడ్డు వైపు ఒకసారి చూశారు. తర్వాత తాళాలు తీసి ఆమె అరచేతిలో పెట్టారు. "నువ్వు నోరు విప్పకు. నేనే చెబుతాను. నా నోటితో చెబితే కాస్త గౌరవంగా ఉంటుంది."

తలుపు తీసుకుని దిగి, చొక్కా సర్దుకుని, కుడివైపు గోడను వేళ్ళతో తాకుతూ షోరూం వైపు నడిచారు. కోడలు ఆయనకు కాస్త సమయం ఇచ్చింది. తండ్రీకొడుకుల మధ్య అలాంటి మాట నడిచేటప్పుడు తను ఉండకూడదనుకుంది. మొహం కడుక్కున్నట్టు కనిపించడానికి సీసాలోని నీళ్ళు చల్లుకుంది. తర్వాత వెనక తలుపు తీసి, సొట్ట పడ్డ కేకు పెట్టెను ఎత్తుకుని బయల్దేరింది. భర్త మొహం ఎలా ఉంటుందో అనుకుంటూ అడుగులు వేసింది. కోప్పడతాడు, తప్పదు. ఇంతకాలం దాచినందుకు తననూ ఏదో ఒకటి అంటాడు. పడతాను అనుకుంది.

పక్క తలుపులోంచి లోపలికి వచ్చేసరికి సర్వేయరు వెలిగిపోతున్నాడు.

తెల్ల కారు పక్కన, తండ్రికి ఎదురుగా నిలబడి, చిన్నపిల్లాడిలా టేపును బయటికి లాగి వదులుతున్నాడు. పక్కన సేల్స్ అమ్మాయి చప్పట్లు కొడుతోంది. భార్యను చూడగానే అతను ఉండబట్టలేకపోయాడు. "విన్నావా? నాన్న నాకు నేర్పుతారట! పెడళ్ళు అందుకేనట. నాకోసమట. ఎప్పటి నుంచో అనుకుంటున్నారట, నేను ఎగతాళి చేస్తానని చెప్పలేదట. నేనేమో పెడళ్ళెందుకని కసురుకున్నాను." టేపు మళ్ళీ లాగి వదిలాడు. "గేర్లదే తీసుకుందాం. రేపటి నుంచే పాఠం. నాన్న ఎడమ సీట్లో, నేను స్టీరింగు దగ్గర."

కోడలి చేతుల్లోని పెట్టె బరువెక్కిపోయింది. మామగారు చెప్పలేదు. చెప్పకపోగా, నేర్చుకునేవాడి పక్కన, చూడవలసినవాడి సీట్లో కూర్చుంటానని మాట ఇచ్చేశారు. అదీ ఈ మనిషికి, ఆ ఒక్క మాట కోసం ఇన్నేళ్ళు ఎదురుచూసిన మనిషికి. ఇప్పుడు తను నోరు తెరిస్తే ఆ వెలుగు తన చేతులతోనే ఆర్పాలి. తెరవకపోతే రేపటి పాఠం ఏ సైకిల్ దగ్గర ముగుస్తుందో ఎవరికి తెలుసు?

ఆమె తెల్ల కారు చుట్టూ తిరిగి మామగారి దగ్గరికి వచ్చి, ఆయన ఎడమ భుజం పక్కన ఆగింది. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర. కళ్ళతోనే బతిమాలుదామనుకుంది. ఇంత దగ్గరగా నిలబడితే ఒక్కసారైనా తన వంక చూస్తారు, చూస్తే మనసు మార్చుకుంటారు అనుకుంది.

మాస్టారు కొడుకునే చూస్తూ సంబరంగా నవ్వుతున్నారు. "అమ్మాయి ఏదిరా?" అన్నారు. "గొంతు వినబడలేదు. ఇంకా కార్లోనే కూర్చుందా? పిలు, కాగితాల మీద సంతకం పెట్టాలి."

సేల్స్ అమ్మాయి కిసుక్కున నవ్వింది. "మాస్టారి జోకులు!"

సర్వేయరు కూడా నవ్వబోయాడు. సగంలో ఆగిపోయాడు. పట్టపగలు, ఇన్ని దీపాల కింద, భార్య తన తండ్రి మోచేతి పక్కనే నిలబడి ఉంది. ఆమె కళ్ళ నిండా నీళ్ళు. తండ్రి ఆమె కోసం తలుపు వైపు వెతుకుతున్నారు. కాస్త మసక అని విన్న కోడలికి కూడా, అది ఎంత మసకో అప్పుడే తెలిసింది.

అతను భార్యను మాట్లాడొద్దని చేత్తో వారించాడు. టేపు మెల్లగా జేబులో పెట్టుకున్నాడు. తండ్రికి ఒక అడుగు దగ్గరగా జరిగి, ఎన్నడూ లేనంత నెమ్మదిగా అడిగాడు.

"నాన్నా, తల తిప్పకుండా చెప్పండి. మీ ఎడమ పక్కన ఎవరున్నారు?"